మూత తీశా

ఫిబ్రవరి 2, సోమవారం

మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. అన్నయ్యకు గుండె ఆపరేషన్. ఈ నెల ఇరవై ఆరు, గురువారం ఉదయం. మూడు చోట్ల రక్తనాళాలు మూసుకుపోయాయట.

"నీకు చెప్పొద్దన్నారు. అందుకే చెబుతున్నాను," అంది.

"ఎందుకు చెప్పొద్దన్నాడు?"

"నువ్వు పనిలో ఉంటావట. మీ అన్నదమ్ములకి పని ఒక్కటే చుట్టం."

వస్తానన్నాను. ఎప్పుడని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రెండు స్టాపుల ముందే బస్సు దిగాను. కారణమేమీ లేదు. పాత సామాన్ల వీధిలో కెమెరాల షాపు ఇంకా ఉంది. అద్దాల బీరువా కింది అరలో ఇటుక ఉంది. ఆ రకం కెమెరాకి ఇటుక అని పేరు పెట్టింది అన్నయ్యే. లోపలికి వెళ్లలేదు. షట్టరు దించేదాకా నిలబడి చూశాను.

ఫిబ్రవరి 3

కారణమేమీ లేదని నిన్న రాశాను. పేపరాఫీసులో నా కింద పనిచేసే కుర్రాడు రాసుంటే ఆ వాక్యం కొట్టేసేవాణ్ణి.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇటుక గురించి రాసుకుంటాను. వాస్తవాలు మాత్రమే.

బరువు కిలోన్నర. రీలుకి ఎనిమిదే ఫొటోలు, కానీ ఒక్కో నెగటివ్ పేకముక్కంత ఉంటుంది. వంద మంది గ్రూప్ ఫొటోలో కూడా చివరివాడి మీసం లెక్కపెట్టొచ్చు. బ్యాటరీ లేదు. కింద పడితే ముందు నేలకి ఏమైందో చూసుకోవాలి. ఫొటో తీసేవాడు చూసే కిటికీ వేరు, బొమ్మ లోపలికి వెళ్లే లెన్సు వేరు. కిటికీ మధ్యలో పసుప్పచ్చని చిన్న గడి ఉంటుంది. అందులో ఒక్క మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ పోతే ఇద్దరూ ఒకరవుతారు. అప్పుడు నొక్కాలి.

కిటికీ వేరు, లెన్సు వేరు కావడంతో ఒక చిక్కు ఉంది. లెన్సుకి మూత ఉన్నా కిటికీలోంచి అంతా వెలుగ్గానే కనిపిస్తుంది. నొక్కితే టక్ మంటుంది. రీలు కదులుతుంది. ఫొటో మాత్రం పడదు.

దానికి అన్నయ్య ఒక పద్ధతి పెట్టాడు. మూత తియ్యడం నా పని. తీసి చొక్కా జేబులో వేసుకుని, గట్టిగా "మూత తీశా" అనాలి. ఆ మాట వినిపిస్తే తప్ప తను నొక్కడు. కెమెరా వెనక నిలబడ్డవాడికి ముందు వైపు కనిపించదు కదా.

స్కూళ్లు, బ్యాంకులు, లారీల ఆఫీసు, నర్సుల హాస్టలు. అన్నయ్య స్టూడియో తరఫున నాలుగేళ్లు అలాగే తీశాం. పొడుగువాళ్లు వెనక బెంచీల మీద, పెద్దమనుషులు ముందు కుర్చీల్లో. మెడ బొత్తాం పెట్టుకోనివాడు ఎక్కడైనా ఒకడుంటాడు. "గడ్డాలు దించండి, నవ్వుకి ఇవాళ సెలవు," అనేవాడు అన్నయ్య. ఆ మాటకే అందరూ నవ్వేవాళ్లు. అప్పుడు నొక్కేవాడు. ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకోవడం కూడా నా పనే. ఒక్క పేరు తప్పు పడితే అన్నీ మళ్లీ అచ్చు వెయ్యాల్సొచ్చేది. విలేకరి పని నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ కాదు, ఆ బెంచీల ముందే. సాయంత్రాలు వెనక గదిలో తాడు మీద తడి ఫొటోలు ఆరేసేవాళ్లం, బట్టల క్లిప్పులతో. తాడు మీద నుంచి బ్యాంకు మేనేజర్లు నీళ్లు కారుతూ మమ్మల్ని చూసేవాళ్లు.

నాన్న కోతమిల్లులో పెద్ద రంపం మీద పనిచేశాడు, ముప్పై నాలుగేళ్లు. రిటైరైన రోజు మిల్లు ముందు గ్రూప్ ఫొటో. నాన్నతో కలిపి ఇరవై మూడు మంది. అన్నయ్య మూడు తీశాడు. రీలు కడిగితే మూడూ ఖాళీ. మళ్లీ తీద్దామన్నాడు అన్నయ్య. ఒకసారి దిగినదానికి మళ్లీ దిగడమేంటని నాన్న ఒప్పుకోలేదు. నాలుగు నెలలకు నాన్న పోయాడు. ఇంట్లో గోడ మీద ఉన్నది మిల్లు గుర్తింపు కార్డులోంచి పెద్దది చేసిన ఫొటో. చెవి మీద ఆఫీసు ముద్ర పడింది.

మూత తియ్యడం నేను మర్చిపోయాను. అలవాటుకొద్దీ "మూత తీశా" అన్నాను. తర్వాత అన్నయ్య నిలదీస్తే, తీశానన్నాను. మబ్బు పట్టిందని కాసేపు ఆగాం కదా, అప్పుడు నువ్వే మళ్లీ పెట్టుంటావన్నాను. నమ్మాడు. మిల్లు వీధిలో తనకి "మూతాయన" అని పేరు పడింది. ఆ వీధి నుంచి మళ్లీ ఒక్క పెళ్లికి కూడా పిలవలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా అది తన తప్పే అనుకుంటున్నాడు.

ఇరవై ఆరో తేదీ లోపల చెప్పాలి.

ఫిబ్రవరి 6, శుక్రవారం

షాపు లోపలికి వెళ్లాను. యజమానిని అందరూ భూతద్దం అంటారు. కుడి కంటికి ఎప్పుడూ అద్దం బిగించుకునే ఉంటాడు. మనుషుల్ని కూడా దాంతోనే చూస్తాడు.

"చూస్తారా, కొంటారా?" అన్నాడు.

"చూసి కొంటాను."

"అందరూ అదే అంటారు సార్. మొన్నొకాయన గంటసేపు చూసి, చార్జింగ్ ఎక్కడ పెట్టాలని అడిగాడు."

ఇటుక బల్ల మీద పెట్టాడు. నా చేతులకి ఇంకా గుర్తుంది. వెనక తలుపు తెరిచి లెన్సులోంచి దీపం వేసి చూశాను. బూజు లేదు. ఒక సెకను షట్టరు నొక్కి విన్నాను. సెకనే. వీధిలోకి తెచ్చి ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకుకి గురిపెట్టాను. రెండు ట్యాంకులు. తిప్పాను. ఒకటైంది.

"మీకు పనొచ్చు," అన్నాడు భూతద్దం, కొంచెం నిరాశగా.

"మూత మొయ్యడం వచ్చు."

అడుగున అంకెల గడి ఉంది. పుట్టినప్పటి నుంచి ఎన్ని ఫొటోలు తీసిందో అది చెబుతుంది, పదింటికి ఒక అంకె చొప్పున. 061.

"ఆరొందల పది ఫొటోలు. పెళ్లికూతురు సార్. గడప దాటలేదు."

"ఈ సొట్టేంటి?"

"పెళ్లికూతురికి దిష్టిచుక్క."

సొట్ట ఎడమ పైమూల ఉంది. అన్నయ్య కెమెరాకీ ఎడమ పైమూలే. బ్యాంకు ఇనప గేటుకి తగిలింది. తగిలించింది నేను.

ఫిబ్రవరి 7

అదే కెమెరా.

ఆధారాలు. ఎడమ మూల సొట్ట. పట్టీ కుట్టింది తెల్లదారంతో, వదిన అన్నయ్య పట్టీకి కుట్టింది కూడా తెల్లదారమే. 061 అంటే ఆరొందలే కావచ్చు, కానీ 999 దాటితే గడి మళ్లీ సున్నాకి వస్తుంది. పదివేలు దాటి ఆరొందలు. స్టూడియో మూసి కెమెరా అమ్మేసేనాటికి అన్నయ్య అన్ని తీసే ఉంటాడు.

ఒకే మూలాన్ని నమ్మి వార్త రాయొద్దని ముప్పై ఏళ్లుగా కుర్రాళ్లకి చెబుతున్నాను. నా దగ్గర మూడున్నాయి.

దాన్ని అన్నయ్య చేతిలో పెట్టి చెబుతాను. అది మధ్యలో ఉంటే చెప్పడం తేలిక. సోమవారం వెళ్లి కొంటాను.

ఫిబ్రవరి 9

వెళ్లలేదు. ఆఫీసులో పని.

ఫిబ్రవరి 10

వెళ్లలేదు. ఆఫీసులో పని లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

కొన్నాను. బేరం పెద్దగా ఆడలేదు. భూతద్దమే చిన్నబుచ్చుకుని తనంతట తాను తగ్గించాడు.

అసలు పెట్టె కూడా ఉందని అటక మీంచి దించాడు. అందులో మొదటి బిల్లు. కొన్నది ఒక పళ్ల డాక్టరు. కెమెరా నంబరు సరిపోయింది. తేదీ చూశాను. ఆ డాక్టరు దీన్ని కొత్తగా కొన్నప్పుడు అన్నయ్య కెమెరా ఇంకా అన్నయ్య మెడలోనే ఉంది.

"సొట్ట ఎలా పడింది?"

"వాళ్లావిడ విసిరిందట సార్. ఆయన అదృష్టం, పళ్లకి తగల్లేదు." అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏంటి, వద్దా?"

"ప్యాక్ చెయ్యండి."

ఇది అన్నయ్యది కాదు. నిర్ధారణ అయింది. ఆరో తేదీనే అడిగి ఉంటే ఆరో తేదీనే తెలిసేది. అడగలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

ఒక రీలు వేసి చూశాను. ఎనిమిదింట్లో ఆరు మా ఆవిడవి, బాల్కనీలో.

"కదలొద్దంటే ఎంతసేపు? లోపల పాలు పొంగిపోతున్నాయి," అంది.

"గడ్డం దించు."

"పాతికేళ్ల కింద చెప్పుంటే దించేదాన్ని. ఇప్పుడు దించితే రెండు గడ్డాలవుతాయి."

నవ్వింది. నొక్కాను. అన్నిసార్లూ ముందు మూత తీసి చూసుకున్నాను. ఎనిమిది ఫొటోలకి పద్దెనిమిదిసార్లు చూసుకుని ఉంటాను.

"ఇది బావగారికా?" అంది.

"చూపిద్దామని."

"ఊరికే ఇచ్చే మనిషి కాదు మీరు. ఏం అడగబోతున్నారు?"

"ఏమీ అడగను."

"అయితే ఏదో చెప్పబోతున్నారు."

పాలు పొంగాయి. ఆవిడ లోపలికి పరిగెత్తింది. ఇంటర్వ్యూ చెయ్యడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

నాలుగో తేదీన రాసినదాంట్లో తప్పుంది. మర్చిపోయానని రాశాను. అది సగం.

ఆ రోజు ఉదయం నర్సుల హాస్టల్లో మూడు ఫొటోలు తీశాం. అక్కడ నేను స్టాండు మర్చిపోయి వెళ్లాను. అన్నయ్య నలుగురిలోనూ తిట్టాడు. "నీకు తల మెడ మీద ఉందా, అదీ ఇంట్లోనే వదిలేసొచ్చావా," అన్నాడు. నర్సులు నవ్వారు. నాకు పందొమ్మిదేళ్లు.

మధ్యాహ్నం మిల్లు దగ్గర మాట్లాడకుండా పని చేశాను. మూడు ఫొటోలు అయ్యాయి. "అయిపోయింది, థాంక్స్," అన్నాడు అన్నయ్య. అందరూ లేచారు. మూత పెడదామని జేబులో చెయ్యి పెట్టాను. జేబులో మూత లేదు. లెన్సు మీద ఉంది.

అప్పుడే చూశాను.

వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. కుర్చీలు కూడా తియ్యలేదు. టీ వచ్చింది, గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. నాన్న కొత్త చొక్కాలో ఉన్నాడు. అన్నయ్య భుజం మీద తట్టి నాన్న ఏదో అన్నాడు. రీలులో ఇంకా రెండు ఫొటోలు మిగిలి ఉన్నాయి. "అన్నయ్యా, మూత," అంటే చాలు. రెండు నిమిషాల పని.

ఒకే రోజు రెండోసారి తిట్టు తినలేక ఊరుకున్నాను. ఇంతకు మించి కారణం లేదు. వెతికాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

వెళ్లాను.

అన్నయ్య తగ్గిపోయాడు. చొక్కా భుజాలు కిందికి జారుతున్నాయి. నోరు తగ్గలేదు.

"ఏరా, ఇంకా ఉండగానే చూడ్డానికొచ్చావా? పేపర్లో రెడీగా రాసి పెట్టుకుంటారట కదా, పోయినవాళ్ల గురించి. నాది రాశావా?"

"నీకంత చోటు లేదు."

"రెండు లైన్లు వెయ్యరా. ఫొటో నేనిస్తాను."

పెట్టె ముందు పెట్టాను. తెరిచి చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు. రీలు తిప్పే లీవరు ఒకసారి లాగాడు, రెండోసారి లాగాడు. దీనికి రెండుసార్లు లాగాలని ఇప్పటి వాళ్లకి తెలియదు. కిటికీలోంచి వదినని చూశాడు.

"ఇద్దరు కనిపిస్తున్నావే. ఒక్కదానితోనే వేగలేకపోతుంటే."

"తిప్పండి మరి, ఒకటవుతాను," అంది వదిన.

నవ్వుతూనే ఎడమ చెయ్యి లెన్సు ముందుకి పోనిచ్చి తడిమాడు. మూత ఉందా లేదా అని. చేతిని తనే చూసుకున్నాడు.

"చూశావా, ఇంకా పోలేదు. నాన్న ఫొటో తర్వాత పట్టుకుంది ఈ రోగం. మబ్బు పట్టింది కదా ఆ రోజు. నేనిలా పక్కకొచ్చాను, ఈ చేత్తో మూత తీసుకుని ఇలా నొక్కాను. గట్టిగా నొక్కాను కూడా, దుమ్ము రేగుతోందని. ఎండ రాగానే ఆ సంగతే మర్చిపోయాను." వదిన వైపు తిరిగాడు. "నాన్నకి ఒక్క ఫొటో తియ్యాల్సొచ్చింది నా బతుకులో."

"వందసార్లు విన్నాను," అంది వదిన.

చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను. కెమెరా అక్కడే వదిలేశాను.

ఫిబ్రవరి 18

తను మూత పెట్టిన పద్ధతి చేత్తో చూపించాడు. తను పెట్టలేదు. పెడుతున్నట్టు చూపించిన ఆ చెయ్యే కళ్లముందు ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

చెప్పాను.

ఉదయం పదిన్నర. అన్నయ్య ముందు గదిలో కెమెరా తుడుస్తున్నాడు. కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పనని తెలుసు.

విన్నాడు. బల్ల మీది ఇటుకని రెండు చేతులతో పక్కకి జరిపాడు.

"మూత చూసేసరికి వాళ్లు వెళ్లిపోయారా?"

"లేదు. టీ తాగుతున్నారు."

"నాన్న?"

"అక్కడే ఉన్నాడు."

"రీలు అయిపోయిందా?"

"రెండున్నాయి."

తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు. "మూత నేను పెట్టడం నాకు గుర్తుందిరా. ఎంత గట్టిగా నొక్కానో గుర్తుంది. వేలికి దుమ్ము అంటింది, ప్యాంటుకి తుడుచుకున్నాను. అదంతా ఏంటి మరి?"

చేతిలోని గుడ్డతో ఆ వేలే తుడుచుకున్నాడు.

"పో," అన్నాడు. గట్టిగా అనలేదు.

గేటు దగ్గర వదిన పట్టుకుంది. "ఏం చెప్పావు?"

"పాత సంగతి."

"వారంలో గుండె కోస్తారు మనిషికి. ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు?"

"ఎప్పుడూ గుర్తే వదినా."

"అయితే ఇంకో పది రోజులు గుర్తు పెట్టుకుంటే నీ సొమ్మేం పోయేది?"

ఆవిడ అన్నది న్యాయం. ఇన్నేళ్లు నా సౌకర్యం చూసుకుని చెప్పలేదు. ఇప్పుడు నా సౌకర్యం చూసుకునే చెప్పాను.

ఫిబ్రవరి 20

ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 21

రాలేదు. రెండుసార్లు నేనే చేసి, మోగకముందే పెట్టేశాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఏడింటికి వదిన ఫోన్. "పొద్దున్నే స్నానం చేసి బూట్లు వేసుకుని కూర్చున్నారు. డాక్టరు గడప దాటొద్దన్నాడండీ అంటే వినడం లేదు. నువ్వు కారు తీసుకుని రావాలట."

వెళ్లాను. అన్నయ్య ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"మేస్త్రి ఇంటికి పోనీ."

మిల్లు మేస్త్రి. ఆ ఫొటోలో నాన్న పక్క కుర్చీ ఆయనది. తొంభై ఒక్కేళ్లు. ఇరవై మూడు మందిలో మిగిలింది ఆయన ఒక్కడేనని దారిలో అన్నయ్య చెప్పాడు.

"నన్ను మూతాయన అని మొదట పిలిచింది ఆయనే. ఆయన పోకముందు, నేను పోకముందు, నువ్వు చెప్పాలి. నీ నోటితో."

"చెబుతాను."

"మధ్యలో నసగకూడదు."

మేస్త్రి కూతురింట్లో ఉంటున్నాడు. వరండాలో పేపరు చదువుతున్నాడు, అద్దాలు లేకుండా. మా పేపరు కాదు.

"ఎవరు, పెద్దోడా? పక్కన పేపరోడు కదూ? ఇద్దరూ కలిసి వచ్చారంటే ఎవరో పోయుండాలి."

"ఎవరూ పోలేదు బాబాయ్. వీడు నీకో మాట చెప్పాలి. చెప్పరా."

చెప్పాను. మూత తియ్యలేదు, తీశానన్నాను, చూసి ఊరుకున్నాను, నింద అన్నయ్య మీదకి నెట్టాను. నాలుగు వాక్యాలు.

మేస్త్రి కుడి చేతికి మూడు వేళ్లు. వాటితో గడ్డం గోక్కున్నాడు.

"ఇంతేనా?"

"ఇంతేనా అంటావేంటి బాబాయ్?" అన్నయ్య గొంతు లేచింది. "ఊరంతా మూతాయన, మూతాయన అని పిలిపించావు!"

"మూత పెట్టి ఫొటో తీసినవాణ్ణి మూతాయన అనక కిటికీ ఆయన అంటారా? కూర్చో, ఆయాసపడకు. మూత ఉందని మాకు అప్పుడే తెలుసుగా."

"ఏం తెలుసు?"

"కళ్లెదురుగా నల్లగా ఇంత బిళ్ల ఉంటే తెలీదా? వెనకాల వాళ్లకి కనబడిందో లేదో కానీ, ముందు కుర్చీలో ఉన్నది నేనూ మీ నాన్నా. మీ దుకాణంలో ఆ డబ్బాని ఎన్నిసార్లు చూడలేదు మేం."

అన్నయ్య కుర్చీ అంచుకి వచ్చేశాడు. "చూసి చెప్పలేదా?"

"చెప్పబోయాను. 'ఒరే పెద్దోడా' అని నోరు తెరిచేలోపు మీ నాన్న నా మోకాలి మీద చెయ్యేసి నొక్కాడు. 'ఊరుకో, చేతులు పనిలో ఉన్నప్పుడు పలకరించకు' అన్నాడు. మిల్లులో అదే కదా చట్టం. రంపం తిరుగుతుంటే, ఇల్లు తగలబడుతున్నా ఆ మీదున్నవాణ్ణి పిలవకూడదు. ఈ రెండు వేళ్లు ఎలా పోయాయనుకున్నావు? ఎవడో వెనకనుంచి నన్ను టీకి పిలిచాడు."

"కెమెరా రంపమా బాబాయ్?"

"నేనూ అదే అన్నాను. 'మూత ఎప్పుడు తియ్యాలో మా వాళ్లకి తెలీదా, నువ్వు చెప్పాలా' అన్నాడు. ఇంకేం మాట్లాడను? మూత పెట్టి తీసే రకం కూడా వచ్చిందేమో అనుకుని, బుద్ధిగా గడ్డం దించుకుని కూర్చున్నాను."

"టీ తాగేటప్పుడో?" ఈసారి అడిగింది నేను.

"టీ తాగేటప్పుడు మీ నాన్నే అడిగాడు చిన్నోడా. 'ఎలా ఉంది మా పిల్లల పని?' అని. ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఇంటికి పోతున్న మనిషి. ఏమనమంటావు? 'చెయ్యి వణక్కుండా చేశారు' అన్నాను. మిల్లులో అంతకన్నా పెద్ద మెప్పు లేదు." పేపరు మడిచాడు. "ఆయన నవ్విన నవ్వు చూడాల్సింది మీరు. అదీ ఫొటో తియ్యాల్సింది."

కూతురు మంచినీళ్లు తెచ్చింది. ముగ్గురం తాగాం.

తిరుగు దారిలో రైలు గేటు దగ్గర ఆగాల్సొచ్చింది. గూడ్సు బండి. అన్నయ్య పెట్టెలు లెక్కపెడుతున్నాడనుకున్నాను.

"ఇరవై మూడు మంది ప్రత్యక్ష సాక్షులురా," అన్నాడు. "ఊళ్లోనే ఉన్నారు. నువ్వు ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల నోళ్లలో మైకు పెట్టి బతికావు. ఒక్కణ్ణైనా అడగలేదేంట్రా?"

"అడిగితే వాళ్లు తిరిగి నన్ను అడుగుతారని."

బండి వెళ్లిపోయింది. గేటు లేచింది. వెనకవాడు హారను కొట్టాడు.

"నేనూ అంతే," అన్నాడు అన్నయ్య. "మిల్లు వీధి మొహం చూడలేదు." గేటు దాటాక, "నాన్న మళ్లీ దిగనన్నాడు గుర్తుందా? మూత చూసి తనూ ఊరుకున్నాడు మరి," అన్నాడు.

ఇంటి దగ్గర దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఆగాడు. "నీ మీద కోపం పోలేదు. అది వేరే లెక్క. గురువారం ఆరింటికల్లా రా."

ఫిబ్రవరి 26, గురువారం

ఐదున్నరకే ఆస్పత్రికి వెళ్లాను. వదిన పలకరించింది. కుర్చీ చూపించింది.

ఎనిమిదిన్నరకి చక్రాల మంచం వచ్చింది. నర్సు ఒక కాయితం పట్టుకుని, "కళ్లజోడు, వాచీ, పెట్టుడు పళ్లు ఏమున్నా తీసెయ్యాలి. ఎవరికి ఇవ్వమంటారు?" అంది. వదిన చెయ్యి చాపింది.

"తనకొద్దు, ఏడ్చి పారేసుకుంటుంది," అన్నాడు అన్నయ్య. పళ్లు తీసేయడంతో మాట సరిగ్గా రాలేదు. నర్సుకి అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి నన్ను చూపిస్తూ.

"మా తమ్ముడికివ్వండి. జాగ్రత్తగా చూస్తాడు."

నర్సు కాయితంలో నా పేరు రాసుకుంది. తప్పు రాసింది. దిద్దించాను.

ఇప్పుడు పదకొండు ఇరవై. ఇంకా బయటికి తీసుకురాలేదు. కళ్లజోడు, వాచీ, పళ్లు, మూడూ నా ఒళ్లో ఉన్నాయి.